పొగబండిని చూడాలంటే పక్కకు నిలబడాలి

పెద్దపంజాణి: మన మండలంలో రైలు పట్టా లేదు. ఇటు పుంగనూరులో లేదు, అటు పలమనేరులో లేదు. రైలు కూత వినాలంటే మదనపల్లె దాటి సి.టి.ఎం. దగ్గరున్న మదనపల్లె రోడ్డు స్టేషనుకైనా పోవాలి, లేదంటే కుప్పమైనా పోవాలి. అయినా ఈ పడమటి మండలాల్లో డెబ్బయ్యేళ్ళు దాటిన వారిని ఎవరిని కదిలించినా పొగబండి సంగతి ఒకటి బయటపడుతుంది. తిరుపతి కొండకు మొక్కు చెల్లించను పోయినప్పుడు కంట్లో బొగ్గు నలుసు పడిందని ఒకరు చెబుతారు. పెళ్ళికని కట్టుకున్న తెల్ల పంచె బండి దిగేసరికి నల్లబడిందని ఇంకొకరు చెబుతారు.

ఆ పొగబండి పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఆవిరి ఇంజను కట్టిన రైలు ఎక్కడైనా కదిలిందంటే అది శనక్కాయల మూటలు మోయడానికీ కాదు, జనాన్ని సంతకు చేర్చడానికీ కాదు. వేడుక కోసం, విహారం కోసం నడుస్తుంది. ఎక్కినవారు ఒక వంతయితే పట్టాల పక్కన నిలబడి చూసేవారు పది వంతులు. వారిలో చాలామంది చేతుల్లో కెమెరానో, సెల్‌ఫోనో ఉంటుంది.

అలా పక్కన నిలబడి చూడడం కూడా ఒక విద్య అని ఈ విలేఖరికి మొన్నటిదాకా తెలియదు. తెలియక చేసిన పొరపాటు ప్రాణం మీదికి వచ్చి తప్పిపోయింది. ఆ విద్య నేర్పినవాడు మీటరుగేజీ దారి మీద గ్యాంగుమన్‌గా బతుకు వెళ్ళదీసిన ఒక ముసలాయన. వరసకు ఈ విలేఖరికి తాత అవుతాడు. తన పేరు పత్రికలో వేయొద్దన్నాడు కాబట్టి ఇక్కడ తాత అనే రాస్తున్నాము.

రెండు దారులు, రెండు వెడల్పులు

మనకు దగ్గరగా ఉన్న రైలు దారులు రెండూ పాతవే. కుప్పం మీదుగా పోయే దారి మద్రాసు రైల్వే కంపెనీ వేసింది. 1864 నాటికే జోలార్‌పేట నుంచి బెంగళూరుకు బండ్లు నడిచాయి. అది బ్రాడ్‌గేజీ. అంటే రెండు పట్టాల నడుమ ఐదున్నర అడుగుల వెడల్పు.

రెండోది పాకాల నుంచి ధర్మవరం పోయే దారి. దాన్ని 1890ల తొలి ఏళ్ళలో సౌత్ ఇండియన్ రైల్వే కంపెనీ వేసింది. పీలేరు, కలికిరి, వాయల్పాడు, మదనపల్లె రోడ్డు, ములకలచెరువు, కదిరి మీదుగా 220 కిలోమీటర్లకు పైగా సాగే ఈ దారి మీటరుగేజీ. పట్టాల నడుమ వెడల్పు సరిగ్గా ఒక మీటరు, అంటే మూడడుగుల మూడంగుళాల పైచిల్లర. చిన్న పట్టా, చిన్న పెట్టెలు, నిదానపు నడక. సీతాఫలాల గంపలు, శనక్కాయల మూటలు, తిరుపతి గుండ్లు అన్నీ ఆ బండిలోనే సాగేవి.

మన దేశంలో ఆవిరి ఇంజన్ల తయారీ 1972లో ఆగిపోయింది. చిత్తరంజన్ కర్మాగారంలో ఆ ఏడు తయారైన ఆఖరి ఇంజను మీటరుగేజీదే. తర్వాత డీజిలు వచ్చింది, కరెంటు వచ్చింది. బ్రాడ్‌గేజీ మీద రోజువారీ ఆవిరి బండి 1995లో ఆగింది. మీటరుగేజీ మీద 2000లో గుజరాతులో ఆఖరి బండి నడిచింది. పాకాల–ధర్మవరం దారిని బ్రాడ్‌గేజీగా మార్చే పని 2010 నాటికి పూర్తయింది. పాత పట్టా ఊడబెరికి కొత్తది వేశారు. ఇప్పుడు ఆ దారి మీద కరెంటు తీగలు కూడా సాగాయి.

ఈ విలేఖరి చిన్నతనంలో ఎక్కింది డీజిలు ఇంజను కట్టిన మీటరుగేజీ బండి. ఆవిరి ఇంజను కదలడం కంటితో చూసింది లేదు. తాత మాత్రం ఆ ఇంజన్ల పొగ కిందనే నడివయసు దాకా గడిపాడు.

చూడడమే ఉద్యోగం

తాత కొలువు వాయల్పాడు, మదనపల్లె రోడ్డు స్టేషన్ల నడుమ. గ్యాంగులో కూలీలు, వారికి ఒక మేస్త్రీ. సమ్మెట, గడ్డపార, కంకర పార వాళ్ళ ఆయుధాలు. పట్టా కింద కంకర దిగబడితే ఎత్తి కొట్టాలి. వానకు కట్ట జారితే మన్ను పోయాలి. తర్వాత తాత కీమన్ అయ్యాడు. అంటే పొద్దున్నే సుత్తి, స్పానరు, ఎర్రజెండా, పచ్చజెండా పట్టుకొని తనకు అప్పజెప్పిన దారి మొత్తం కాలినడకన చూసుకుంటూ పోవాలి. వదులైన చీలలు బిగించాలి. విరిగిన పట్టా కనబడితే ఎర్రజెండా నాటి, ఎదురు పరుగెత్తి, పట్టా మీద టపాకాయలు పెట్టాలి. ఇంజను చక్రం కింద అవి పేలితే డ్రైవరు బండి ఆపుతాడు.

ఈ పనుల్లో ఇంకొకటి ఉంది. బండి వచ్చినప్పుడు గ్యాంగువాళ్ళు పని ఆపి పక్కకు జరుగుతారు. అది విశ్రాంతి కాదు. దాటిపోతున్న బండిని ఇంజను నుంచి గార్డు పెట్టె దాకా కళ్ళప్పగించి చూడాలి. ఏ పెట్టె కిందనైనా ఇనుప కడ్డీ వేలాడుతున్నదా, ఏ ఇరుసైనా కాలి పొగ వస్తున్నదా, తలుపు ఊడి ఊగుతున్నదా అని గమనించాలి. తేడా కనబడితే గార్డుకు ఎర్రజెండా చూపాలి.

"మీరు సరదాకు జూస్తారు. మాకు జూసేదానికే జీతం ఇచ్చిరి," అంటాడు తాత. "ఒకనాడు పెట్టె కింద బ్రేకు కడ్డీ యాలాడతా వుండె. నేను జూసి జెండా ఊపినాను. గార్డు బండి ఆపినాడు. దిగి జూసి, నా భుజం తట్టి పాయ. అంతే. అయినా ఆ రాత్రి కడుపు నిండా తిన్యా."

ఫోటో ఒక్కటీ లేదు

ఈ విలేఖరికి ఈ కథనం రాయాలన్న ఆలోచన ఒక ఫోటో కోసం వెతకడంతో మొదలయింది. మన దారి మీద పొగబండి నడిచిన రోజుల ఫోటో ఎవరింట్లోనైనా ఉంటుందేమోనని పెద్దపంజాణి, పుంగనూరు, వాయల్పాడు వైపు తెలిసిన ఇళ్ళన్నీ అడిగాడు. పెళ్ళి ఫోటోలు ఉన్నాయి, బడి ఫోటోలు ఉన్నాయి. రైలు ఫోటో మాత్రం ఒక్కటీ దొరకలేదు.

కారణం తెలిసిందే. ఆ రోజుల్లో కెమెరా అన్నది టవునులో స్టూడియోవారి దగ్గర ఉండేది. రీలు ఖరీదు. పైగా స్టేషన్లలో, వంతెనల దగ్గర ఫోటో తీయాలంటే అధికారుల అనుమతి కాగితం ఉండాలి. దానికితోడు రోజూ వచ్చే బండిని ఫోటో తీయాలని ఎవరికి తోస్తుంది? ఇంటి ముందర చింతచెట్టును ఎవరు ఫోటో తీసుకుంటారు?

దూరదేశాల వారికి మాత్రం తోచింది. అమెరికాలో విన్‌స్టన్ లింక్ అనే ఫోటోగ్రాఫరు 1955 నుంచి 1960 వరకు నార్‌ఫోక్ అండ్ వెస్ట్రన్ రైల్వే మీద ఆఖరి ఆవిరి బండ్లను, చాలావరకు రాత్రిపూట, ఫ్లాష్ బల్బుల వెలుగులో తీశాడు. బండి ఎక్కడికి వస్తుందో ముందే లెక్కగట్టి, దీపాలకు తీగలు లాగి, తాను ఒకచోట కుదురుగా నిలబడి ఒక్కసారి మీట నొక్కేవాడు. ఇళ్ళ అరుగులు, పెట్రోలు బంకు, ఈతకొట్టే పిల్లలు, వారి వెనుక తెల్లని ఆవిరితో బండి. ఆ ఫోటోల్లో ఇంజనుతోపాటు ఆ ఊళ్ళ బతుకంతా కనబడుతుంది.

ఇంగ్లండులో సర్కారు రైల్వే ఆఖరి ఆవిరి విహార రైలును 1968 ఆగస్టు 11న నడిపింది. టిక్కెట్టు 15 గినీలు. దారి పొడవునా జనం బారులు తీరి వీడ్కోలు చెప్పారు. ఆ తర్వాత మూడేళ్ళ దాకా పెద్ద లైను మీదికి ఆవిరి ఇంజన్లను రానివ్వలేదు. జనం పట్టుబట్టగా 1971లో తిరిగి ఒప్పుకున్నారు. అప్పటి నుంచి పాత ఇంజన్లను బాగుచేసుకొని విహార రైళ్ళు నడపడం, వాటిని చూడను జనం పొలాల గట్ల మీద చేరడం అక్కడ ఆనవాయితీ అయింది.

మన దేశంలోనూ అలాంటివి ఉన్నాయి. 1855లో ఇంగ్లండులోని లీడ్స్‌లో తయారైన ఫెయిరీ క్వీన్ ఇంజను 1909లో పని మానింది. మద్రాసు పెరంబూరు కార్ఖానాలో దాన్ని బాగుచేశాక 1997లో ఢిల్లీ నుంచి ఆల్వార్‌కు విహార రైలును లాగింది. మరుసటి ఏడు గిన్నిస్ పుస్తకంలో కెక్కింది. దాని తోబుట్టువు, అదే 1855 నాటి ఇ.ఐ.ఆర్. 21 ఇంజను. దాన్ని కూడా పెరంబూరు పనివాళ్ళే నిలబెట్టారు. 2010 ఆగస్టు 15న అది చెన్నై సెంట్రల్ నుంచి ఆవడి దాకా నడిచింది. నూట యాభై ఏళ్ళు దాటిన ఇనుము తిరిగి ఊపిరి పోసుకున్నదంటే ఆ పనివాళ్ళ చేతి చలవే.

కుప్పం దగ్గర జరిగినది

ఒకనాడు ఈ విలేఖరి సెల్‌ఫోనులో ఊటీ కొండ రైలు బొమ్మ చూస్తుంటే తాత తల దూర్చాడు. "యాడిదిరా అబ్బోడా ఇది? ఇంకా తిరగతా వుందా?" అని అడిగాడు. ఉంది తాతా, రోజూ తిరుగుతుంది అంటే నమ్మలేదు. నమ్మిన తర్వాత రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు, "నన్ను ఒక తూరి తీసకపో. మళ్ళా నేను ఎన్నాళ్ళుంటానో," అన్నాడు.

సంక్రాంతి వెళ్ళాక పోదామని అనుకున్నాము. అంతకు ముందు వారం ఈ విలేఖరికి కుప్పంలో పని పడింది. తాత కూడా వస్తానన్నాడు. పని ముగిశాక, కదిలే బండిని ఫోటో తీయడం ఎలాగో కాస్త చేయి తిప్పుకుందామని ఊరి బయట రైలు కట్ట దగ్గరికి పోయాము. తాత కట్ట కింద చింతచెట్టు నీడన కూర్చున్నాడు.

దూరపు పట్టా మీద గూడ్సు బండి వచ్చింది. చాలా పొడవు. అంతా ఒకే ఫోటోలో రావాలంటే వెనక్కు జరగాలి. ఈ విలేఖరి ఫోనులోకి చూస్తూ, కట్ట మీద ఒక్కొక్క అడుగే వెనక్కు వేశాడు. కాలి కింద కంకర తగిలింది. అది రెండో పట్టా అంచు అని బుద్ధికి తట్టలేదు. గూడ్సు మోతలో ఇంకే చప్పుడూ వినబడలేదు. చొక్కా కాలరు పట్టుకొని ఎవరో గుంజితే కట్ట మీది నుంచి జారి కింద పడ్డాడు. అంతలో కరెంటు ఇంజను కట్టిన ఎక్స్‌ప్రెస్ ఎదురు దిక్కు నుంచి గాలి కొట్టుకుంటూ దాటిపోయింది.

గుంజింది తాత. ఎనభై దాటిన మనిషి ఆ కట్ట ఎప్పుడు ఎక్కాడో తెలియదు. ఆయన చేతులు వణుకుతున్నాయి. "జంట పట్టారా ఇది, జంట పట్టా!" అని ఒక్క మాట అరిచాడు. తర్వాత చాలాసేపు చింతచెట్టు కింద ఇద్దరమూ ఊరికే కూర్చున్నాము. ఫోనులో చూస్తే ఆకాశం, కరెంటు తీగ, అడ్డంగా ఏదో మసక. గూడ్సు బండి ఫోటో రాలేదు.

తప్పు ఈ విలేఖరిదే. వేరెవరిదీ కాదు. రాయకుండా దాచవచ్చు. కాని దాచితే ఇంకొకరు అదే అడుగు వేస్తారని రాస్తున్నాము.

బస్సులో తిరిగి వస్తున్నప్పుడు తాత చెప్పింది ఇది: "బొగ్గు బండి వొచ్చేది రెండు మైళ్ళ నుంచే తెలస్తా వుండె. పొగ కనపడేది, కూత వినపడేది, పట్టా గుయ్యిమనేది. ఇప్పటి బండి పిల్లి మాదిరి వొస్తాది. వొచ్చిందాకా తెలీదు, తెలిసినాక టైము లేదు. మేము అంత మోత చేసే బండికే అంత బయపడి బతికినాము. మీరు సప్పుడు లేని బండి కాడ ఫోనులో తల పెట్టుకోని నిలబడతారే!"

ఎక్కడైనా ఇదే ముప్పు

ఇది మన ఒక్కరి అజాగ్రత్త కాదు. ఇంగ్లండులో 1923లో తయారైన ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ ఇంజనును ఏళ్ళ తరబడి బాగుచేసి 2016 ఫిబ్రవరి 25న లండన్ నుంచి యార్క్‌కు నడిపారు. ఫోటోల కోసం జనం పట్టాల మీదికే వచ్చేయడంతో దారిలో ఆ బండిని ఆపవలసి వచ్చింది.

అంతకన్నా ఘోరం 2024లో జరిగింది. కెనడాకు చెందిన 1930 నాటి ఆవిరి ఇంజను ఒకటి, ఎంప్రెస్ అని దానికి పేరు, ఆ ఏడు కెనడా నుంచి అమెరికా మీదుగా మెక్సికో దాకా విహార యాత్ర చేసింది. ప్రతి ఊళ్ళోనూ వేలాది జనం. జూన్ 3న మెక్సికోలోని హిడాల్గో రాష్ట్రంలో ఒక యువతి పట్టాల పక్కన మోకాళ్ళ మీద కూర్చొని, ఇంజను వెనుక కనబడేలా సెల్ఫీ తీసుకోబోయింది. ఇంజను తలకు తగిలి అక్కడికక్కడే ప్రాణం విడిచింది. ఇంజను పట్టా కన్నా బయటికి ఎంత పొడుచుకొని ఉంటుందో ఆమె అంచనా వేయలేకపోయింది. పట్టా మీద లేను కదా అనుకుంటే చాలదు. ఇంజను, పెట్టెలు పట్టాకు రెండు పక్కలా బయటికి ఉంటాయి.

మన దేశంలో 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షను ప్రకారం అనుమతి లేకుండా రైల్వే జాగాలోకి పోవడమే నేరం. ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా అని అందులో ఉంది. కాని జరిమానా కన్నా ముందు తలచుకోవలసినది ఇంట్లో ఎదురుచూసేవాళ్ళను.

అదే పట్టా, అదే మీటరు

సంక్రాంతి తర్వాత కుప్పంలో రాత్రి బండి ఎక్కి తెల్లవారుజామున కోయంబత్తూరులో దిగాము. అక్కడి నుంచి బస్సులో మేట్టుపాళయం. నీలగిరి కొండ రైలు అక్కడే మొదలవుతుంది. 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా ఈ దారి పడింది. మొత్తం 46 కిలోమీటర్లు. 2005లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ సంపదల్లో చేర్చింది.

స్టేషనులో తాత పెట్టెల వైపు చూడలేదు. ప్లాటుఫారం అంచుకు కాస్త ఇవతలే నిలబడి కిందికి, పట్టాల వైపు చూస్తూ ఉండిపోయాడు. చేత్తో గాలిలో జానలు కొలిచాడు. "ఇది మన పట్టానే కదరా," అన్నాడు. నిజమే. నీలగిరి దారి కూడా మీటరుగేజీయే. పాకాల–ధర్మవరం దారిలో ఊడబెరికిన పట్టాకూ దీనికీ వెడల్పులో వెంట్రుకవాసి తేడా లేదు. తన దారి మీద నుంచి పోయిన పట్టా ఆయనకు అక్కడ కనబడింది.

బండి ఎక్కుదాం తాతా అంటే ఒప్పుకోలేదు. "ఎక్కితే ఇంజను కనపడదు. నేను ఎప్పుడూ పక్కనుంచి జూసినోణ్ణే," అన్నాడు. ఆటోలో ముందుకు పోయి, కల్లార్ వైపు ఒక పోక తోట అంచున, తోట ఆసామిని అడిగి నిలబడ్డాము. తాతే జాగా చూశాడు. పట్టాకు దూరంగా, మెరకగా, వెనుక పరుగెత్తను దారి ఉండేట్టుగా. వంపు లోపల నిలబడనీయలేదు. "వంపులో బండి ముందర నుంచి కనపడదు. కనపడేసరికి మీదుంటాది," అన్నాడు.

ఏడు గంటలు దాటాక కూత వినబడింది. ఈ విలేఖరి ఫోను సరిచూసుకొని ఇంజను కోసం కాచుకున్నాడు. తీరా చూస్తే ముందర వచ్చింది ఇంజను కాదు, నీలిరంగు పెట్టె! పెట్టె ముందర జెండా పట్టుకొని ఒక మనిషి. ఇంజను ఎక్కడా అని వెతుక్కుంటుండగా పెట్టెలన్నీ దాటాక వెనుక నుంచి తోసుకుంటూ ఇంజను వచ్చింది. కొండ ఎక్కేటప్పుడు పెట్టెలు వెనక్కు జారకుండా ఇంజను ఎప్పుడూ పల్లం వైపే ఉంటుందట. కల్లార్ దాటితే దారి నిట్టనిలువు. సుమారు పన్నెండడుగులు పోతే ఒక అడుగు ఎత్తు లేస్తుంది. అందుకే పట్టాల నడుమ రంపపు పళ్ళ కడ్డీ ఉంటుంది. ఇంజను కింద పళ్ళ చక్రం ఆ కడ్డీని పట్టుకొని ఎక్కుతుంది.

ఇంజను మా ఎదుటికి వచ్చేసరికి నేల అదిరింది. చలిగాలిలో తెల్లటి ఆవిరి పోకచెట్ల తలల మీదికి లేచింది. డ్రైవరు చేయి ఊపాడు. తాత తిరిగి చేయి ఊపలేదు. తల మెల్లగా తిప్పుతూ, చక్రాల కింద చూస్తూ, ఆఖరి దాకా అలాగే నిలబడ్డాడు. బండి వంపు తిరిగి పోయాక ఒక్కసారి తల ఊపి, "అంతా బాగుంది. ఏదీ యాలాడేది లేదు," అన్నాడు. ఇరవై ఏళ్ళ కిందట దిగిపోయిన ఉద్యోగం ఆ నిమిషంలో ఆయన మళ్ళీ చేశాడు.

కాసేపటికి ముక్కుతో గాలి పీల్చి, "బొగ్గు వాసన లేదే," అన్నాడు. తర్వాత స్టేషనులో అడిగితే తెలిసింది. తిరుచ్చి దగ్గరి పొన్మలై కార్ఖానాలో కొత్తగా చేసిన ఇంజన్లు చాలావరకు నూనె మండించేవి. పని అదే, ఆవిరి అదే, వాసన మాత్రం మారింది.

చూసేవారికి తాత చెప్పిన సూత్రాలు

ఆవిరి ఇంజను పనితీరు మన ఇడ్లీ కుండ లాంటిదే. కింద నిప్పు, పైన నీళ్ళు. మూత బిగించిన ఆవిరి బయటికి తోసుకు రావాలని చూస్తుంది. దాన్ని గొట్టంలోకి పంపితే లోపలి దిమ్మెను ముందుకూ వెనక్కూ తోస్తుంది. దిమ్మె చక్రాన్ని తిప్పుతుంది. పని అయిపోయిన ఆవిరి పొగగొట్టంలో నుంచి దెబ్బ దెబ్బగా పోతుంది. మామూలు ఇంజనుకు చక్రం ఒక చుట్టు తిరిగితే నాలుగు దెబ్బలు. చుక్ చుక్ అనే శబ్దం అదే. నల్లగా వచ్చేది సరిగా కాలని బొగ్గు పొగ. తెల్లగా వచ్చేది ఆవిరి చల్లగాలికి చల్లబడి మారిన నీటి తుంపర. అందుకే ఫోటో తీసేవారు చలికాలం పొద్దుటిపూటను, బండి ఎగువకు ఎక్కే చోటును ఎంచుకుంటారు. ఎగువలో ఇంజను కష్టపడుతుంది, ఆవిరి దట్టంగా వస్తుంది. సూర్యుడు మన వీపు వెనుక ఉంటే ఇనుము మీద వెలుగు పడి చక్రాలు కూడా కనబడతాయి.

ఇక ఎలా నిలబడాలన్నది తాత మాటల సారాంశం. బండి రాకముందే జాగా చూసుకోవాలి. వచ్చాక కదలరాదు. ఫోనులోకి చూస్తూ అడుగు ముందుకు గాని వెనక్కు గాని వేయరాదు. బండి వచ్చే దిక్కుకు ముఖం పెట్టాలి. జంట పట్టా అయితే చూస్తున్న బండి ఒకటి, కనబడని బండి ఇంకొకటి ఉందనుకోవాలి. వంతెన మీద, కొండ తొలిచిన సందులో నిలబడనే రాదు, తప్పించుకోను చోటుండదు. పిల్లల చేయి పెద్దలు పట్టుకోవాలి. రెండు చేతులూ పైకెత్తి ఊపరాదు. అది డ్రైవరుకు ప్రమాద సూచన, బండి ఆపేస్తాడు. ఒక చేయి ఊపితే చాలు, ఆయన కూడా ఊపుతాడు.

"జూసేదానికి పోయినోడు ఇంటికి రావల్ల. అప్పుడే అది జూసినట్టు," అన్నది ఆయన ఆఖరి సూత్రం.

దొరికితే దాచండి

ఆ రోజు ఈ విలేఖరి తీసిన ఫోటోల్లో రెండు బాగా వచ్చాయి. ఒకదానిలో పోకచెట్ల నడుమ ఇంజను ఉంది. రెండోదానిలో ఇంజను లేదు. చేతులు వెనక్కు కట్టుకొని, పట్టాకు ఓరగా నిలబడి చూస్తున్న తాత ఉన్నాడు. ఆ రెండోది కడిగించి ఇంట్లో పెట్టుకున్నారు. తాత దాన్ని చూసి, "పట్టా నుంచి ఎంత దూరం నిలబడినానో జూడు. అదీ లెక్క," అని మనవళ్ళకు చూపుతున్నాడు.

మన దారి మీద పొగబండి నడిచిన రోజుల ఫోటో ఏ పాత ట్రంకు పెట్టెలోనో, ఏ స్టూడియో అటకమీదో ఇంకా ఉండకపోదు. పీలేరు, కలికిరి, వాయల్పాడు, ములకలచెరువు వైపు పాఠకులు ఒకసారి వెతికి చూడాలి. దొరికితే పారేయకుండా దాచాలి. దాని వెనుక ఊరు, ఏడాది రాసిపెట్టాలి. ఆ కొలువు చేసిన గ్యాంగుమన్లు, కీమన్లు, గేటుమన్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. వారిని కూర్చోబెట్టి అడిగితే చెబుతారు. ఫోటోలో పడని సంగతులు వాళ్ళ దగ్గరే ఉన్నాయి.